మశూచిపై ఉమ్మడి పోరు: అంతర్జాతీయ సహకార సిద్ధాంతాలు

ప్రత్యర్థి దేశాలు ఎందుకు చేతులు కలుపుతాయో తెలియాలంటే మశూచి నిర్మూలనను మించిన ఉదాహరణ లేదు. ప్రచ్ఛన్న యుద్ధం సాగుతున్న 1958లో ఈ ప్రతిపాదన తెచ్చింది సోవియట్ యూనియన్. 1967లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కార్యక్రమాన్ని ఉద్ధృతం చేసినప్పుడు నాయకత్వం వహించింది అమెరికా వైద్యుడు డి.ఎ. హెండర్సన్. రెండు మొనల సూదికి అంటిన ఒక్క చుక్క మందుతో చేతి మీద 15 సార్లు పొడిస్తే టీకా పూర్తి. మన దేశంలో సిబ్బంది రోగి ఫొటో ఉన్న కార్డు చూపిస్తూ ఇంటింటికీ తిరిగి ఆరా తీశారు. ఇక్కడ చివరి కేసు 1975లో నమోదైంది. 1980 మే 8న ప్రపంచమంతటా మశూచి అంతమైనట్లు ప్రకటించారు.

ఎదుటి దేశానికే ఎక్కువ లాభం దక్కుతుందన్న భయం సహకారానికి అడ్డంటుంది వాస్తవికవాదం. ఉమ్మడి నియమాలు, నమ్మదగిన సమాచారంతో సంస్థలు ఆ భయాన్ని తగ్గిస్తాయన్నది రాబర్ట్ కియోహేన్ వాదన (1984). సాంకేతిక అవసరాల్లో కలిసి పనిచేయడమే శాంతికి బాట వేస్తుందని డేవిడ్ మిత్రానీ (1943) నమ్మాడు. మశూచి విషయంలో మిత్రానీ వాదమే బాగా అతుకుతుంది. కానీ వ్యాధి పోయిందని నిపుణులు ధ్రువీకరించిన 1979 డిసెంబరులోనే సోవియట్ సేనలు అఫ్గానిస్థాన్‌లోకి దిగాయి. సాంకేతిక సహకారం ఒక్కటే శాంతికి హామీ ఇవ్వదన్న ఈ పరిమితినీ వ్యాసరూప సమాధానంలో తప్పక రాయండి.