పాఠం 17: పెరటి అరుగు – సామగ్రి ఎంపిక, కట్టే పద్ధతి

17.1 పరిచయం

పెరటిలో అరుగు ఉంటే ఎన్నో పనులకు వీలుగా ఉంటుంది. సాయంత్రం కూర్చోవచ్చు, వడియాలు ఎండబెట్టవచ్చు, వేసవి రాత్రి పడుకోవచ్చు. అందుకే ఇల్లు కట్టిన కొన్నేళ్లకు చేతిలో కాస్త డబ్బు ఆడగానే చాలామంది అరుగు వేయించాలనుకుంటారు. చిన్న పనే కదా అని ఆలోచించకుండా కట్టిస్తే రెండు వానాకాలాలు గడిచేసరికి బండలు కుంగుతాయి. అంతకంటే పెద్ద నష్టం ఇంటి గోడకు చెమ్మ ఎక్కడం. అరుగు పాడైతే తిరిగి కట్టుకోవచ్చు. గోడ పాడైతే మరమ్మతు ఖర్చు అరుగు ఖర్చును మించిపోతుంది.

17.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- మీ నేలకు తగిన పద్ధతిని ఎంచుకోగలుగుతారు.
- ఇటుక, ఇసుక నాణ్యతను ఇంటి దగ్గరే పరీక్షించగలుగుతారు.
- కావలసిన సామగ్రిని లెక్క వేయగలుగుతారు.
- ఇంటి గోడకు చెమ్మ రాకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు చెప్పగలుగుతారు.

17.3 ముందు నేలను చూడండి

సామగ్రి కొనడానికి ముందు పెరటిలో ఒక మూల గుంత తీసి చూడండి.

ఎర్ర నేల, మొరం నేల గట్టిగా ఉంటాయి. వానకు, ఎండకు పెద్దగా కదలవు. వీటి మీద ఇటుక అరుగు నిలుస్తుంది.

నల్లరేగడి అలా కాదు. వానలో ఉబ్బుతుంది, ఎండలో ముడుచుకొని బీటలు వారుతుంది. ఎండాకాలంలో ఒక బీటలోకి ఇనుప చువ్వ దింపి చూడండి. చువ్వ ఎంత లోతుకు దిగితే నేల కనీసం అంత లోతు వరకు కదులుతోందన్నమాట. పునాది అంతకంటే దిగువకు వెళ్లాలి. కందకం వెడల్పుగా తీసి పునాది చుట్టూ ఇసుక గాని మొరం గాని నింపాలి. చిన్న అరుగుకు అంత ఖర్చు తగదు అనుకుంటే 17.4లోని రెండవ పద్ధతి మేలు.

17.4 మూడు పద్ధతులు

మొదటిది ఇటుక గోడ, మొరం నింపుడు, పైన బండలు. ఇది ఎత్తుగా ఉంటుంది, కూర్చోవడానికి అనువు. ఖర్చు ఎక్కువ. గట్టి నేలకు తగినది.

రెండవది ఇసుక మీద పరచిన బండలు. పై మన్ను తీసి, మొరం వేసి దిమ్మిస కొట్టి, రెండు అంగుళాల ఇసుక మీద బండలు పరుస్తారు. సిమెంటు వాడరు. ఎత్తు తక్కువ, ఖర్చూ తక్కువే. బండ కుంగితే ఎత్తి, ఇసుక సర్ది, తిరిగి వేసుకోవచ్చు. కదిలే నేల మీద బిగించి కట్టింది పగులుతుంది. విడిగా పరచింది కదులుతుంది గాని పగలడం తక్కువ.

మూడవది చెక్క వేదిక. అమెరికా వంటి దేశాలలో పెరటి వేదికలు ఎక్కువగా చెక్కతోనే వేస్తారు. మన దగ్గర చెక్కకు చెదలు, ఎండ, వాన మూడూ శత్రువులే. టేకు తట్టుకుంటుంది గాని ఖరీదు ఎక్కువ. చెక్కే కావాలనుకుంటే కాళ్లు మట్టిని తాకకుండా రాతి దిమ్మెల మీద నిలపండి. పలకల మధ్య సందు వదలండి. అడుగున గాలి ఆడాలి.

17.5 సామగ్రి ఎంపిక

బండలు: వికారాబాద్ జిల్లాలోని తాండూరు, నంద్యాల జిల్లాలోని బేతంచర్ల, కడప జిల్లా ప్రాంతాల నుంచి వచ్చే నాపరాళ్లు మనకు ఎక్కువగా దొరుకుతాయి. ఇవి సున్నపురాయి జాతివి. అందువల్ల ఆసిడ్ పోసి కడిగితే పై పొర తినివేయబడుతుంది. నిమ్మరసం, చింతపండు పులుసు పడినా మచ్చ పడుతుంది, వెంటనే కడగాలి. నున్నగా పాలిష్ చేసిన బండ తడిస్తే జారుతుంది. పెద్దవాళ్లు, పిల్లలు తిరిగే ఇంట్లో పెరటికి గరుకు బండలే వేయించండి.

ఇటుక: రెండు ఇటుకలను ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమని మోగాలి. గోటితో గీస్తే గీత పడకూడదు. మూడడుగుల ఎత్తు నుంచి నేల మీదకు వదిలితే పగలకూడదు. ఎండు ఇటుకను తూచి ఒక రోజంతా నీళ్లలో ఉంచి మళ్లీ తూచండి. బరువు ఐదో వంతుకు మించి పెరిగితే అది మంచి ఇటుక కాదు.

ఇసుక: గాజు సీసాలో సగం ఇసుక పోసి, నిండా నీళ్లు పోసి బాగా కుదిపి, కొన్ని గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక పైన మెత్తని మన్ను పొర పేరుతుంది. ఆ పొర మందం ఇసుక ఎత్తులో పన్నెండో వంతుకు మించితే ఇసుకను కడిగి వాడాలి.

మొరం: లోపల నింపడానికి ఇదే తగినది. పొలం మట్టి, చెత్త, పేడ కలిసిన మన్ను నింపితే అవి కుళ్లి, పైన బండలు కుంగుతాయి.

17.6 లెక్క వేద్దాం

గట్టి నేల మీద ఇంటి గోడను ఆనుకొని 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు ఉన్న అరుగు కడుతున్నాం అనుకుందాం. ఇంటి గచ్చు నేలకు 2 అడుగుల ఎత్తున ఉంది. అరుగుకు మూడు వైపుల గోడ చాలు, నాలుగో వైపు ఇంటి గోడ ఉంది.

గోడ పొడవు: ముందు 10 అడుగులు. పక్క గోడలు ఒక్కొక్కటి ఐదుంపావు అడుగులు. మొత్తం 20.5 అడుగులు. గోడ మందం 9 అంగుళాలు. ఎత్తు నేలలో 12 అంగుళాలు, నేల పైన 15 అంగుళాలు, మొత్తం 27 అంగుళాలు.

ఇటుకలు: 20.5 × 0.75 × 2.25 = సుమారు 34.6 ఘనపు అడుగులు. మాలుతో కలిపి 9 × 4.5 × 3 అంగుళాలు వచ్చే ఇటుకలు ఘనపు అడుగుకు సుమారు 14.2 పడతాయి. అంటే దాదాపు 490. విరిగేవాటితో కలిపి 520 తెప్పించాలి.

మొరం: లోపలి వైశాల్యం 8.5 × 5.25 = సుమారు 44.6 చదరపు అడుగులు. 11 అంగుళాల మందానికి 41 ఘనపు అడుగులు. దిమ్మిస కొడితే మొరం తగ్గుతుంది కనుక నాలుగో వంతు కలిపి సుమారు 51. పై మన్ను తీసిన లోతుకు పట్టే మొరం దీనికి అదనం.

బండలు: 2 అడుగుల చదరపు బండలు పొడవుకు 5, వెడల్పుకు 3, మొత్తం 15. ఒకటి అదనంగా కలిపి 16.

17.7 కట్టే క్రమం

1. ఒకటిన్నర అడుగుల లోతు, అంతే వెడల్పు కందకం తీయండి. అడుగున 1:4:8 పాళ్లలో సిమెంటు, ఇసుక, కంకర కలిపిన కాంక్రీటు 6 అంగుళాలు వేయండి.

2. అరుగు తాకే మేర ఇంటి గోడకు ముందుగా 1:4 సిమెంటు మాలుతో పూత వేయించండి. మొరంలోని తడి ఇంటి గోడలోకి పోకుండా ఇది అడ్డుకుంటుంది.

3. ఇటుకలను నీళ్లలో నానబెట్టి 1:6 మాలుతో కట్టండి. నీళ్లు కలిపిన మాలును అరగంటలోపు వాడేయాలి. కొత్త గోడను పాత గోడలోకి కొరికించకండి. ఇల్లు ఇప్పటికే నేలలో సర్దుకొని ఉంటుంది, అరుగు ఇకపై సర్దుకుంటుంది. రెంటినీ కలిపితే అక్కడే పగులు వస్తుంది. మధ్య అర అంగుళం సందు వదిలి తారు నింపండి.

4. గోడను కనీసం ఏడు రోజులు తడపండి. ఆ తరువాతే మొరం నింపండి. ఆరేసి అంగుళాలకు మించని పొరలుగా వేసి, నీళ్లు చల్లి, దిమ్మిస కొట్టాలి. ఒకేసారి నింపి పైపైన కొడితే అడుగు వదులుగానే ఉండిపోతుంది.

5. పైన 4 అంగుళాల కాంక్రీటు, దాని మీద అంగుళం మాలు, అంగుళం మందం బండ వేయండి. బయటి అంచు ఎత్తు 17 అంగుళాలు వస్తుంది. ఇది కుర్చీ ఎత్తుకు దగ్గర.

6. ఇంటి వైపు ఒక అంగుళం ఎత్తు పెట్టి, నీరు పెరటి వైపు పోయేలా వాలు ఇవ్వండి. అప్పుడు ఇంటి వైపు ఎత్తు 18 అంగుళాలు. గచ్చుకు ఇంకా అర అడుగు దిగువనే ఉంటుంది. అందువల్ల వాన నీరు గడప దాటి లోపలికి రాదు.

7. సందులను 1:3 మాలుతో పూడ్చి, వారం రోజులు తడపండి.

పని అప్పగించే ముందు మేస్త్రితో మాలు పాళ్లు, మొరం పొరలు, వాలు ఈ మూడూ ఖరారు చేసుకోండి. గుత్తకు ఇచ్చినా, రోజు కూలికి ఇచ్చినా మొరం నింపే రోజున మీరు దగ్గర ఉండండి. పైన బండ పడ్డాక లోపలి లోపం కనిపించదు.

17.8 సారాంశం

నేలను బట్టి పద్ధతి, వాడకాన్ని బట్టి బండ ఎంచుకోవాలి. లోపలి నింపుడు గట్టిగా ఉంటే బండలు కుంగవు. అరుగు గచ్చుకంటే దిగువన, వాలు ఇంటికి దూరంగా ఉండాలి.

17.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నల్లరేగడి నేలలో ఇసుక మీద పరచిన బండలు ఎందుకు మేలు?
2. కొత్త గోడను పాత గోడలోకి ఎందుకు కొరికించకూడదు?
3. 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు అరుగుకు 2 అడుగుల చదరపు బండలు ఎన్ని కావాలి?
4. మీ వీధిలో కుంగిన అరుగు ఒకటి చూసి, కారణం ఏమై ఉంటుందో ఐదు వాక్యాలలో రాయండి.

జవాబులు: 1. నేల కదిలినా బండలను ఎత్తి సర్దుకోవచ్చు. 2. రెండూ వేర్వేరుగా సర్దుకుంటాయి, కలిపిన చోట పగులు వస్తుంది. 3. 6 × 3 = 18, అదనంగా ఒకటి. 4. మీ పరిశీలనను 17.5, 17.7 భాగాలతో పోల్చి చూసుకోండి.