హారం లేని లవం

"నలుగురినీ చూసి నడుచుకో" అంటారు పెద్దలు. మంచి మాటే. కాని ఆ నలుగురూ ఎవరు? మన కంటికి కనబడనివారు ఎందరు? సాంఖ్యక శాస్త్రం బోధించే నాకు ఈ ప్రశ్న గట్టిగా తగిలింది తరగతి గదిలో కాదు, మా ఇంటి వసారాలో.

మా తమ్ముడు డిగ్రీ కాగానే గ్రూప్స్ శిక్షణకు హైదరాబాదు వెళ్తానన్నాడు. వాడి చేతిలో ఒక శిక్షణ సంస్థ కరపత్రం. దాని నిండా పూలహారాలతో విజేతల ఫొటోలు. "ఇంతమందికి వచ్చింది కదరా, మనవాడికి రాదా?" అంటూ నాన్న ఉన్న ఒక్క ఎకరం తాకట్టు పెట్టడానికి సిద్ధపడ్డారు.

ఆ రాత్రి నాకు అబ్రహాం వాల్డ్ గుర్తుకొచ్చారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో కొలంబియా విశ్వవిద్యాలయంలో సైన్యం కోసం పనిచేసిన సాంఖ్యక శాస్త్రజ్ఞుల్లో ఆయనొకరు. యుద్ధం నుంచి తిరిగివచ్చిన విమానాల మీది దెబ్బలను బట్టి ఏ భాగం బలహీనమో అంచనా వేసే పద్ధతిని 1943లో రూపొందించారు. అందులోని సారం ఇది: దెబ్బలు ఎక్కువగా కనబడ్డచోట తగిలినా విమానం ఇల్లు చేరింది. ఇంజనులాంటి చోట తగిలినవి చాలావరకు తిరిగే రాలేదు. కనుక కవచం కావలసింది దెబ్బలు అరుదుగా కనబడేచోటే! అటువంటి మేధావి 1950లో ఉపన్యాసాలకు మనదేశం వచ్చి, నీలగిరి కొండల్లో విమాన ప్రమాదంలో మరణించడం విధివైచిత్రి.

కరపత్రంలోని ఫొటోలు తిరిగివచ్చిన విమానాలే. అవి లవం మాత్రమే. మెడలో హారాలున్నాయి సరే, చేరినవారెందరన్న హారమేదీ? ఫోన్ చేసి అడిగితే ఆ సంస్థవారు "మా ఫలితాలు చూడండి సార్" అన్నారే తప్ప సంఖ్య చెప్పలేదు. అప్పుడు మా ఊరి నుంచీ పక్క ఊళ్ల నుంచీ శిక్షణకు వెళ్లినవారిని నేనే ఆరా తీశాను. పదకొండుమంది తేలారు. ఉద్యోగం వచ్చింది ఇద్దరికి. మిగతావారి ఫొటోలు ఎక్కడా లేవు.

"అన్నయ్యా, ఆ ఇద్దరిలో నేనెందుకు కాకూడదు?" అన్నాడు తమ్ముడు. నిజమే. పదకొండుమంది చాలా చిన్న శాంపిల్. వాడి భవిష్యత్తు అది చెప్పలేదు. కాని ఎంత నష్టానికి తట్టుకోగలమో ముందే తేల్చుకోమని మాత్రం హెచ్చరించింది. చివరకు ఒప్పందం కుదిరింది: పొలం ముట్టుకోరాదు, నా జీతంలోంచి రెండేళ్లు, ఆపైన మరో దారి.

వాడికి ఉద్యోగం రాలేదు. గడువు కాగానే వచ్చేసి, ఇప్పుడొక రైసుమిల్లులో లెక్కలు రాస్తున్నాడు. నాన్న ఈ ఏడూ ఆ ఎకరంలోనే నాట్లు వేయించారు.

విద్యార్థి మిత్రులారా! రేపు మీ ముందుకు ఎవరు ఏ విజయాల పట్టిక తెచ్చినా మూడు ప్రశ్నలు వేయండి. మొత్తం ఎందరు? ఎన్నాళ్లు పట్టింది? రానివారేమయ్యారు? జవాబులు విన్నాక ధైర్యంగా అడుగు వేయండి. లెక్క ఉన్నది ఆశను చంపడానికి కాదు, ఇల్లు నిలబెట్టడానికి.