పెంపుడు పిల్లి – మితాహారం

వేడిపాలకు నోరు కాలిన తెనాలి రామకృష్ణుని పిల్లి, ఆపై పాలను చూస్తేనే పారిపోయి చిక్కిపోయిందని కథ. నేటి పెంపుడు పిల్లుల కష్టం ఇందుకు విపరీతం. పిల్లి సహజంగా మాంసాహారి. వేటే దానికి వ్యాయామం. ఇంటిలో వేట లేక, ఆహారం మాత్రం పుష్కలంగా లభించడం వలన అది స్థూలకాయమై మధుమేహానికీ, కీళ్ల వ్యాధులకూ గురి కావచ్చును.

అట్లని దానిని పస్తుంచరాదు. లావెక్కిన పిల్లి కొద్దిరోజులు తినకపోయినా కాలేయంలో కొవ్వు పేరుకొని ప్రాణాపాయం వాటిల్లవచ్చును. కనుక పశువైద్యుని సలహాతో ఆహారాన్ని తూచి పెట్టాలి. వారానికి శరీరభారంలో 1 శాతం తగ్గినా చాలును. ప్రతిదినం 2, 3 పర్యాయాలు, 10 నిమిషాలసేపు, దారానికి కట్టిన ఈకను కదిలిస్తూ పిల్లిని ఆడించాలి. చివరకు ఈకను దానికి చిక్కనివ్వాలి. వేట ఫలించినదన్న తృప్తి దానికి అవసరం. మూగజీవి ఆరోగ్యానికి బాధ్యత పెంచినవారిదే.