వేసవి సెలవులు – సమష్టి సేద్యం
(బి.యస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి)

వేసవి సెలవులనగానే మనకు గుర్తొచ్చేది సూర్యలంకలో సముద్రస్నానం, లేదా తెనాలిలో సినిమా. ఈసారి నాకు వేరే ఆలోచన కలిగింది. ఇజ్రాయెల్ దేశంలోని ‘కిబ్బుట్జ్’ అనే సమష్టి క్షేత్రానికి వెళ్ళి రెండు నెలలు పనిచేస్తే ఎలా వుంటుంది? ఇంట్లో ఈ మాట చెప్పగానే మా నాన్న, “మన చేలో కలుపు తియ్యటానికి బద్ధకం, పరాయిదేశంలో పేడ ఎత్తుతావంట్రా?” అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు వెతకటమే ఈ వ్యాసం.

కిబ్బుట్జ్ అంటే ఏమిటి? 1910లో గలిలయ సముద్రం ఒడ్డున పదిమంది పురుషులు, ఇద్దరు స్త్రీలు కలిసి దెగానియా అనే మొదటి క్షేత్రాన్ని నెలకొల్పారు. అక్కడ భూమి ఏ ఒక్కరి సొంతమూ కాదు. శక్తికొద్దీ పనిచెయ్యటం, అవసరానికి తగినంత తీసుకోవటం అప్పటి నియమం. వంటా భోజనమూ అందరికీ ఒక్కచోటే జరిగేవి. 1967 యుద్ధం తర్వాత విదేశీ యువకులు పెద్దసంఖ్యలో ఈ క్షేత్రాలకు వెళ్ళసాగారు. పళ్ళతోటల్లోనో, పాలశాలలోనో, వంటింట్లోనో పని. ప్రతిఫలంగా గది, తిండి, కొద్దిపాటి చేతిఖర్చు.

సైన్సు విద్యార్థిగా నన్ను ఆకర్షించింది ఇంకొకటి. 1960లలో హట్జెరిమ్ అనే కిబ్బుట్జ్‌లో బిందుసేద్యం పరికరాల తయారీ మొదలైంది. నీరు చుక్కచుక్కగా మొక్క వేరు దగ్గరే పడుతుంది కనుక ఆవిరయ్యేదీ, వృథాగా పారేదీ తక్కువ. మన వరికి ఇది అంతగా పనికిరాదు గాని, తెనాలి నిమ్మతోటలకు బాగా పనికొస్తుంది.

ఐతే అంతా స్వర్గమేమీ కాదు. 1980ల మధ్యలో చాలా కిబ్బుట్జ్‌లు అప్పుల్లో మునిగాయి. తర్వాత ఎక్కువభాగం పనినిబట్టి జీతమిచ్చే పద్ధతికి మళ్ళాయి.

పరాయిదేశపు సమష్టి క్షేత్రం తెలుగువాళ్ళకు కొత్తేమీ కాదు. అదే 1910లో దక్షిణాఫ్రికాలో గాంధీగారి సత్యాగ్రహుల కోసం కాలెన్‌బాక్ అనే యూదు మిత్రుడు సుమారు 1100 ఎకరాల పొలం ఇచ్చాడు. దానికి టాల్‌స్టాయ్ ఫారమ్ అని పేరు. అక్కడ గుజరాతీలు, తమిళులతోపాటు ఆంధ్రదేశం వాళ్ళూ వున్నారని గాంధీగారే రాశారు. పనివాళ్ళు లేరు. వంట మొదలు పారిశుధ్యం దాకా ఎవరి పని వాళ్ళదే.

మరి మన గడ్డమీద? 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెసు ఉమ్మడి సహకార సేద్యాన్ని తీర్మానించింది. తెనాలి – బాపట్ల రైలుదారిలోని నిడుబ్రోలుకు చెందిన రంగాగారు దాన్ని గట్టిగా ఎదిరించి, ఆ ఏడే స్వతంత్ర పార్టీకి అధ్యక్షులయ్యారు. రైతు తన భూమిని వదులుకోడని ఆయన వాదన. మా నాన్నదీ అదే మాట.

ఇక నా ప్రయాణం సంగతి. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో అలుమిమ్ అనే కిబ్బుట్జ్‌లో పదిమంది నేపాలీ విద్యార్థులు చనిపోయారు. పనిచేస్తూ సేద్యం నేర్చుకోటానికి వెళ్ళినవాళ్ళు. మన బాపట్ల వ్యవసాయ కళాశాల విద్యార్థుల్లాంటివాళ్ళే. తర్వాత గాజాలో జరిగిన యుద్ధంలో వేలకువేలమంది బలైపోయారు. అది చదివాక మా అమ్మ ముఖం చూసి వెళతానని అనలేకపోయాను.

నాన్న ప్రశ్న మాత్రం మిగిలే వుంది. నిజం చెబుతున్నాను: ఇరవై ఏళ్ళొచ్చినా నాట్లప్పుడు నేను గట్టుమీదే నిలబడ్డాను, బురదలోకి దిగలేదు. ఇక్కడ నామోషీ అనిపించే పని అక్కడ గొప్ప ఎలా అవుతుంది?

ఆలోచిస్తే భూమి ఎవరిది వారిదైనా, నీరు ఉమ్మడిదే. రేపల్లె వైపు మాది కాలువ చివరి భూమి. పైనున్నవాళ్ళు బోదె పూడిక తియ్యకపోతే మా మడికి నీరు రాదు. మేము తీసుకుంటే మాత్రం చాలదు. అందుకని ఐదుగురు మిత్రులం ఒక నిర్ణయానికొచ్చాం. కాలువలు కట్టేసిన మే నెలలో వంతులవారీగా ఐదు కుటుంబాల బోదెలూ మేమే బాగుచేస్తాం. ఎవరి చేలో పనైతే ఆ రోజు వాళ్ళింట్లో భోజనం.

విని నాన్న నవ్వి, “ముందు ఎవరి బోదె?” అన్నాడు. “పైవాళ్ళది” అన్నాను. మా వంతు ఆఖరిది.

కలుస్తామనే మిత్రులకు స్వాగతం. పార ఎవరిది వారే తెచ్చుకోవాలి.