తాగనివాడి కాలేయం

గోదావరి ఒడ్డున ఒక పల్లె. ఆ ఊరి బియ్యం మిల్లులో ఆయన గుమాస్తా. వయసు 43. చుట్ట కాల్చడు. సారా, బ్రాందీ ముట్టడు. ఆ సంగతి ఊరంతా ఎరుగుదురు.

ఒకరోజు నడుం పక్కన నొప్పి వచ్చింది. కిడ్నీలో రాయేమోనని పట్నం వెళ్లి స్కానింగు తీయించుకున్నాడు. రాయి లేదు. కానీ కాగితంలో ఇంకో మాట ఉంది. 'ఫ్యాటీ లివర్' అని. అంటే కాలేయంలో కొవ్వు చేరిందన్నమాట.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పాడు. భార్య గుండె గుభేలుమంది. ఆమె అన్న తాగి తాగి కాలేయం చెడిపోయి, పొట్ట ఉబ్బి చనిపోయాడు.

"నిజం చెప్పండి. ఎన్నాళ్లనుంచి తాగుతున్నారు?" అంది.

"పిల్లల మీద ఒట్టు. చుక్క ముట్టలేదు" అన్నాడు.

ఆమె నమ్మలేదు. రెండు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. మిల్లులో వాళ్లకీ తెలిసింది. "చాటుమాటుగా వేస్తున్నావన్నమాట!" అని నవ్వారు. ఆయనకు తల కొట్టేసినట్టయింది.

మూడోనాడు నర్సమ్మ ఇంటికొచ్చింది. సంగతి విని, "అక్కా, మీరు పొరబడ్డారు. ఇద్దరూ రేపు ఆసుపత్రికి రండి" అంది.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ కాగితం చూసింది. తర్వాత ఇలా అడిగింది:

"మేక కార్జం చూశారు కదా? అలాంటిదే మనకీ ఉంది. కుడివైపు, పక్కటెముకల కింద. పెద్దవాళ్లలో ఇంచుమించు కిలోన్నర బరువుంటుంది. మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వస్తుంది. ఒంటికి కావలసింది ఒళ్లు వాడుకుంటుంది. మిగిలినదాన్ని కాలేయం కొవ్వుగా మారుస్తుంది. సరే, మీ మిల్లుకు రోజూ లారీల కొద్దీ ధాన్యం వస్తోందనుకోండి. బియ్యం మాత్రం బయటకు పోవడం లేదు. ఏమవుతుంది?"

"గోడౌను నిండిపోతుంది" అన్నాడాయన.

"మీ కాలేయమూ అలాగే నిండింది. కాలేయంలో కొవ్వు నూటికి 5 పాళ్లు దాటితే జబ్బు కిందే లెక్క. తాగుడు వల్ల వస్తుంది, నిజమే. తాగనివాళ్లకీ వస్తుంది. తిండి ఎక్కువై, నడక తక్కువైతే వస్తుంది. చక్కెర జబ్బు ఉన్నవాళ్లకి మరీ ఎక్కువ. సన్నగా ఉన్నవాళ్లని కూడా వదలదు."

అప్పుడు భార్య తల వంచుకుంది.

ఈ జబ్బుకు పాత పేరులో మద్యం అనే మాట ఉండేది. 'మద్యం వల్ల కానిది' అని అర్థం వచ్చేలా పిలిచేవారు. 2023లో వైద్య సంఘాలు ఆ మాట తీసేసి కొత్త పేరు పెట్టాయి. ఒళ్లు తిండిని వాడుకునే తీరు చెడడం వల్ల వచ్చేది అని ఆ పేరుకు అర్థం. మన దేశంలో 2021లోనే ప్రభుత్వం ఈ జబ్బును చక్కెర జబ్బు, రక్తపోటు, క్యాన్సర్లను చూసే పథకంలో చేర్చింది.

కొవ్వు చేరినా చాలామందికి నొప్పి ఉండదు. అదే దీనితో చిక్కు. పట్టించుకోకపోతే కొందరిలో కాలేయం వాస్తుంది. తర్వాత మచ్చలు కట్టి గట్టిపడుతుంది. అక్కడిదాకా వెళ్తే వెనక్కి రావడం కష్టం.

డాక్టరమ్మ రక్తపరీక్ష రాసింది. కాలేయం దెబ్బతింటే దానిలోని ఎంజైములు రక్తంలోకి కారతాయి. వాటిలో ఒకటి ఎస్.జి.పి.టి. ఆయనకు అది 78 ఉంది. మామూలుగా 40 లోపు ఉండాలి. చాలా ల్యాబుల్లో అదే హద్దు. కానీ ఈ అంకె మామూలుగా ఉన్నంతమాత్రాన కొవ్వు లేదనుకోకూడదు. వయసు, రెండు ఎంజైములు, ప్లేట్‌లెట్లు కలిపి లెక్క వేస్తే మచ్చ కట్టే ప్రమాదం ఎంతో డాక్టర్లు అంచనా కడతారు. ఆయనకు ఇంకా అంతదాకా రాలేదు.

"రోజూ ఏం తింటారు?" అని అడిగింది.

భార్యే చెప్పింది. రోజుకు ఆయనొక్కడికే అరకిలో బియ్యం. కూర ఒక గరిట. అయిదుసార్లు టీ, టీకి రెండు చెంచాల పంచదార. సాయంత్రం పునుగులో, మిరపకాయ బజ్జీలో. పనేమో కుర్చీలో.

పది చెంచాలంటే దాదాపు 50 గ్రాముల పంచదార. రోజుకు 25 గ్రాములు మించకూడదు. కూల్‌డ్రింకు ఒక చిన్న సీసాలోనే అంత ఉంటుంది. పంచదారలో సగం కాలేయం మీదే పడుతుంది. బెల్లమైనా, తేనైనా అంతే. బెల్లం మంచిదని టీలో ఎక్కువ వేసుకునేవాళ్లు ఇది గమనించాలి.

ఇక అన్నం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిన లెక్క ప్రకారం రోజుకు అన్నిరకాల ధాన్యాలూ కలిపి 250 గ్రాములు చాలు. కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు. పప్పులు 85 గ్రాములు. ఇది కూర్చుని పనిచేసేవాళ్ల లెక్క. పొద్దస్తమానం నాట్లేసే మనిషికి, గర్భిణికి ఇది వర్తించదు. వాళ్ల కంచంలో అన్నం తగ్గించకూడదు.

"కంచంలో సగం కూర ఉండాలి. పావు వంతు అన్నం. మిగతా పావు పప్పో, గుడ్డో, చేపో. ఆపిల్ పళ్లు కొననక్కర్లేదు. తోటకూర, మునగాకు, జామకాయ చాలు. రోజూ అరగంట గబగబా నడవండి" అంది డాక్టరమ్మ.

"ఉపవాసాలు చేస్తే త్వరగా తగ్గుతుందా?" అన్నాడు.

"వద్దు. ఉన్నట్టుండి బరువు పడిపోతే కాలేయానికే చేటు. మీరు 80 కిలోలున్నారు. 4 కిలోలు తగ్గితే కొవ్వు కరగడం మొదలవుతుంది. 6 నుంచి 8 కిలోలు తగ్గితే వాపు కూడా తగ్గొచ్చు. నెమ్మదిగా తగ్గండి. ఇంకోమాట. పసరు మందుల జోలికి పోకండి. పసర్లు, పొడులు వాడి కాలేయం పాడైనవాళ్లున్నారు. మందు తాగడం లేదుగా, ఇక ముందూ వద్దు."

మొదటి వారం కష్టమైంది. సగం కంచం అన్నం చూసి ఆయన అలిగాడు. ఆమెకూ మనసొప్పలేదు. మొగుడికి కడుపునిండా పెట్టకపోతే అత్తగారు ఏమంటుందోనని భయం. ముందు టీలో పంచదార ఒక చెంచాకు, తర్వాత అర చెంచాకు తగ్గించింది. పునుగుల బదులు ఉడకబెట్టిన శనగలు పెట్టింది. మిల్లుకు సైకిలు మానేసి నడిచి వెళ్లమంది. నవ్వినవాళ్లలో ఒకడు ఇప్పుడు ఆయనతో కలిసి నడుస్తున్నాడు.

ఆరు నెలలకు బరువు 74 కిలోలు అయింది. ఎస్.జి.పి.టి. 36కి దిగింది.

ఆ రోజు నర్సమ్మ టేపు తెచ్చి ఆయన నడుం కొలిచింది. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటకూడదు. ఆయనది 91 ఉంది. టేపు చుట్టబోతూ, "అక్కా, నువ్వూ రా. ఆడవాళ్లకు 80 దాటకూడదు" అంది.

"నాకెందుకు?" అంటూనే వచ్చింది. 88 ఉంది.

ఇన్నాళ్లూ ఆయన కంచంలో తగ్గించిన అన్నం పారేయలేక తానే తింటోంది. మర్నాడు ఆమె రక్తపరీక్షకు వెళ్లింది. ఈసారి ఆయన తోడు వెళ్లాడు.