సాలెపురుగు

తెలుగులో 'సాలె' అనగా నేతగాడు. తన దేహం నుండే దారం తీసి వల అల్లే చిన్న ప్రాణికి మన పూర్వులు 'సాలెపురుగు' అని పేరు పెట్టారు. మరమగ్గాలకు పేరుపొందిన సిరిసిల్ల వంటి పట్టణంలో ఈ పేరులోని ఔచిత్యాన్ని వేరుగా వివరించనక్కరలేదు. అయితే శాస్త్రదృష్టిలో ఈ పేరు సగమే నిజం. సాలెపురుగు నేతలో నేర్పరియే గాని, కీటకం కాదు.

కీటకానికి ఆరు కాళ్లు, మూడు భాగాల దేహం ఉంటాయి. సాలెపురుగుకు కాళ్లు ఎనిమిది, దేహభాగాలు రెండు. దీనికి రెక్కలు, స్పర్శశృంగాలు లేవు. అందుచేత శాస్త్రజ్ఞులు దీనిని ఆర్థ్రోపోడా వర్గంలో, తేళ్లతో పాటు అరాక్నిడా విభాగంలో చేర్చారు. 2022 నాటికే ప్రపంచంలో 50,000 సాలెపురుగు జాతులను గుర్తించారు. వాటిలో మన దేశంలో విరివిగా కనిపించే ఒక జాతి 'ఆర్గియోపి అనసూజా'. ఇది అరేనిడే కుటుంబానికి చెందినది. 1887లో థోరెల్ అనే శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించాడు.

తోటలు, పొదలు, గడ్డి దుబ్బులు దీని నివాసం. మగ్గంపై పడుగు తరువాతనే పేక పడుతుంది. ఇదీ అంతే. మొదట బండిచక్రపు ఆకుల వలె జిగట లేని దారాలు కడుతుంది. పిదప వాటిపై జిగట దారాన్ని సుడులుగా చుడుతుంది. వల నడుమ గుణకారపు గుర్తును పోలిన తెల్లని అల్లిక వేసి, ఎర కోసం తలక్రిందులుగా వేచి ఉంటుంది. ఆ అల్లిక సంతకంలా ఉండడంచేత దీనిని 'సిగ్నేచర్ స్పైడర్' అంటారు. అది ఎరను ఆకర్షిస్తుందని కొందరు, పక్షుల నుండి వలను కాపాడుతుందని మరికొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలో వరి ముఖ్యమైన పంట. వరికి సుడిదోమ గొప్ప శత్రువు. వరిచేలలో నివసించే పలు జాతుల సాలెపురుగులు ఆ దోమను తిని అదుపులో ఉంచుతాయి. విచక్షణ లేకుండా పురుగుమందు చల్లితే సాలెపురుగులు చనిపోతాయి, కాని ఆకుతొడిమలలో దాగిన దోమ గుడ్లు మిగిలిపోతాయి. అవి పొదిగిన పిదప తినే ప్రాణి లేక దోమ మునుపటికంటె విజృంభిస్తుంది. ఇట్టి నష్టాన్ని చవిచూసిన ఇండొనేషియా 1986లో వరిపై 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించింది.

అందువల్లనే సమగ్ర సస్యరక్షణ విధానంలో, మందు చల్లే ముందు దుబ్బుకు దోమలెన్ని ఉన్నాయో, సాలెపురుగులెన్ని ఉన్నాయో లెక్కించమని రైతుకు బోధిస్తారు. మిత్రుని గుర్తించిన తరువాతనే శత్రువుపై ఆయుధం ఎత్తడం వివేకం.