‘నో’ చెప్పే పని వాళ్లకే వదిలేయండి!

ఆఫీసులో లంచ్ టైమ్. నలుగురు కొలీగ్స్ ఒకే టేబుల్ దగ్గర బాక్సులు విప్పారు. గోంగూర పచ్చడి చేతులు మారుతోంది. నవ్వులు వినిపిస్తున్నాయి. మీకూ అక్కడ కూర్చోవాలనే ఉంది. కానీ కాళ్లు మూలనున్న ఖాళీ టేబుల్ వైపే వెళ్తాయి. ఫోన్ తీస్తారు. తల దించుకుని తినేసి వచ్చేస్తారు.

ఎందుకని? పిలవని పేరంటానికి వెళ్లినట్టు ఉంటుందేమోనని!

ఒక్కసారి ఆలోచించండి. ఆ నలుగురిలో ఎవరైనా మిమ్మల్ని వద్దన్నారా? లేదు. వాళ్ల తరఫున ‘నో’ చెప్పింది మీరే!

ఈ ఒక్క అలవాటు మార్చుకుందాం. మీవల్ల అవుతుంది.

ఆకలీ నిజమే, భయమూ నిజమే

నలుగురు కావాలనిపించడం బలహీనత కాదు. అది ఆకలి లాంటిది. తోడు కోరుకోవడం మనిషికి మౌలికమైన అవసరమని 1995లో రాయ్ బౌమీస్టర్, మార్క్ లియరీ అనే సైకాలజిస్టులు వాదించారు.

భయపడటమూ తప్పు కాదు. 2003లో కొందరు పరిశోధకులు బ్రెయిన్ స్కానర్‌లో ఉన్నవాళ్లతో కంప్యూటర్ మీద బంతాట ఆడించారు. కాసేపయ్యాక వాళ్లకు బంతి రాకుండా చేశారు. ఒంటికి దెబ్బ తగిలితే స్పందించే మెదడు భాగాల్లో ఒకటి అప్పుడూ స్పందించింది. ‘మనసు చివుక్కుమంది’ అని మనం ఊరికే అనం!

అయితే నోరు కాలుతుందని అన్నం మానేస్తామా? ఊదుకుని తింటాం. ఇక్కడా అదే పద్ధతి.

మీ అంచనాలో మూడు పొరపాట్లు

1. ‘అందరూ నన్నే చూస్తున్నారు.’ అమెరికాలోని కోర్నెల్ యూనివర్సిటీలో విద్యార్థులకు ఓ గాయకుడి బొమ్మ ఉన్న టీషర్ట్ వేసి నలుగురిలోకి పంపారు. వేసుకోవడానికే సిగ్గుపడే టీషర్ట్ అది. దాదాపు సగం మంది గమనిస్తారని వాళ్లు అనుకున్నారు. గమనించింది పావు వంతు మందే. ఈ పరిశోధన 2000లో వెలువడింది.

2. ‘నేను వాళ్లకు నచ్చలేదు.’ 2018లో వచ్చిన మరో పరిశోధనలో కొత్తవాళ్లిద్దరిద్దరిని మాట్లాడుకోనిచ్చారు. తర్వాత విడివిడిగా అడిగితే, అవతలివాళ్లకు తాము నిజంగా నచ్చినదానికన్నా తక్కువే నచ్చామని అనుకున్నారు. దీన్ని ‘లైకింగ్ గ్యాప్’ అంటారు. నచ్చలేదేమో అని మీకు అనిపించిన చోట కూడా మీరు నచ్చే ఉండవచ్చు!

3. ‘అడిగితే కాదంటారు.’ కొత్తవాళ్ల దగ్గర చిన్న సాయం అడగమని కొందరిని పంపితే, నిజంగా అవసరమైనదానికి దాదాపు రెట్టింపు మందిని అడగాల్సి వస్తుందని వాళ్లు ముందుగా అంచనా వేశారు. ఇది 2008 నాటి పరిశోధన. అడగందే అమ్మయినా పెట్టదని మనవాళ్లు ఎప్పుడో చెప్పారు. ఇక్కడైతే అడిగితే పెట్టేవాళ్లు మనం అనుకున్నదానికన్నా ఎక్కువే.

నాలుగు వారాల ప్రాక్టీస్

మొదటి వారం: పలకరింపు. వాచ్‌మన్, కిరాణా కొట్టు ఆయన, లిఫ్టులో కనిపించే పక్కింటావిడ. ‘బాగున్నారా?’ చాలు. రోజుకు ముగ్గురు.

రెండో వారం: చిన్న ప్రశ్న. ‘ఈ పచ్చడి ఇంట్లో పెట్టిందేనా?’ ‘ఈ సినిమా ఎలా ఉందండీ?’ జవాబు పూర్తిగా వినండి. తర్వాతి ప్రశ్న అందులోనే దొరుకుతుంది.

మూడో వారం: చిన్న పిలుపు. ‘ఎప్పుడైనా కలుద్దాం’ అనకండి. అది పిలుపు కాదు, వీడ్కోలు. ‘నాలుగింటికి చాయ్‌కి వెళ్తున్నా, వస్తారా?’ అనండి.

నాలుగో వారం: మళ్లీ పిలుపు. ఒక్క చాయ్‌తో స్నేహం కుదిరిపోదు. జెఫ్రీ హాల్ అనే ప్రొఫెసర్ 2018లో లెక్క వేశారు. కొత్త పరిచయం మామూలు స్నేహం కావడానికి సుమారు 50 గంటలు, ప్రాణస్నేహం కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలట. మీరు ఓడిపోలేదు. మీ గంటలు ఇంకా పూర్తి కాలేదంతే.

‘నో’ వస్తే ఇలా చేయండి

• ఉన్న మాటే వినండి. ‘ఈరోజు కుదరదు’ అంటే ఈరోజు కుదరదనే. దానికి ‘నువ్వంటే ఇష్టం లేదు’ అని సొంత అర్థం తీయకండి.

• ‘పర్లేదండీ’ అని నవ్వి వచ్చేయండి. ఇష్టం లేదని స్పష్టంగా చెబితే అక్కడితో ఆపేయండి. వెంటపడకండి. ఎదుటివాళ్ల ‘నో’కి విలువిచ్చే మనిషి దగ్గర అందరూ నిశ్చింతగా ఉంటారు.

• నోట్‌బుక్‌లో టిక్ పెట్టండి. వాళ్లు ఒప్పుకున్నందుకు కాదు, మీరు అడిగినందుకు. వాళ్ల జవాబు మీ చేతుల్లో లేదు. అడగడం మీ చేతుల్లోనే ఉంది.

ఈ టిక్ విలువ తెలిసిన పెద్ద సైకాలజిస్ట్ ఒకరుండేవారు, ఆల్బర్ట్ ఎల్లిస్. 19 ఏళ్ల వయసులో అమ్మాయిలతో మాట్లాడాలంటే ఆయనకు వణుకు. న్యూయార్క్‌లో ఓ పార్కుకు నెలపాటు వెళ్లి, బెంచీల మీద ఒంటరిగా కూర్చున్న అమ్మాయిలను పలకరించారు. ఆయనే చెప్పిన లెక్క ప్రకారం 130 మందిలో 30 మంది లేచి వెళ్లిపోయారు. 100 మంది మాట్లాడారు. మళ్లీ కలుస్తానన్నది ఒక్కరే. ఆమె కూడా రాలేదు! కానీ ఆ నెలలో ఆయన భయం పోయింది. అన్ని ‘నో’లు విన్నా ఏమీ కాలేదు.

ఒక్క హెచ్చరిక. ఈ భయం వల్ల కాలేజీకి, ఉద్యోగానికి వెళ్లడమే కష్టమైతే ఆలస్యం చేయకండి. సైకాలజిస్టును కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయవచ్చు. ఉచితం. సాయం అడగడం కూడా ఒక టిక్కే!

ఇక రేపటి సంగతి. బాక్సులో ఒక గరిటె కూర ఎక్కువ పెట్టుకోండి. మూల టేబుల్ దాటి నడవండి. ‘ఇక్కడ కూర్చోనా?’ అని అడగండి.

జవాబు మాత్రం వాళ్లనే చెప్పనివ్వండి.